దేవుడి పిడికెడు

సంతోషకుమారి కుడిచెయ్యి ముప్పై ఏళ్లుగా ఆమెను అడక్కుండానే ఒక పని చేస్తోంది. బియ్యం కడగబోయే ముందు ఆ చెయ్యి చేటలోకి వెళ్లి ఒక పిడికెడు తీసి, పక్కనున్న డబ్బాలో వేస్తుంది. పెదవులు రెండు ప్రార్థన మాటలు అంటాయి. ఆ తర్వాతే బియ్యం మీద నీళ్లు పడతాయి. విజయనగరం దగ్గర పల్లెలో వాళ్లమ్మ అలాగే చేసింది, అత్తా అలాగే చేసింది. పెళ్లై ఇనుపగనుల కొండల కింద ఉన్న ఈ కిరండూల్ రైల్వే కాలనీకి వచ్చినప్పటి నుంచి ఈమె చేస్తోంది.

తెలుగు క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ల కానుక అది. పిడికెడు బియ్యం అంటారు. కొన్ని ఊళ్లలో ఏ వారానిది ఆ ఆదివారమే గుడికి పట్టుకెళ్తారు. ఇక్కడ మాత్రం వానాకాలం బడులు తెరిచిన దగ్గర్నించి దాచి, నవంబరులో కోతపండుగనాడు ఒక్కసారే సంచుల్లో మోసుకెళ్తారు. అందరిలోకీ ఎక్కువ తెచ్చినావిడకు పాస్టరు అయ్యగారు శాలువా కప్పుతారు. పోయిన రెండేళ్లూ ఆ శాలువా సంతోషకుమారికే వచ్చింది. ఈ ఏడు కూడా తనకే వస్తుందని ఆమెకు తెలుసు, కాలనీలో తక్కిన ఆడవాళ్లకూ తెలుసు. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని కూడా ఆ పూటే ఎన్నుకుంటారని, ఆ పేరు కూడా తనదేనని ఎవరో ఆమె చెవిన వేశారు. పైకి నాకెందుకమ్మా ఆ పెత్తనాలు అంది గానీ, లోపల మాత్రం ఆ పూట కట్టుకోవడానికి గోధుమరంగు చీరకు గంజి పెట్టించింది.

రెండేళ్ల కిందట ఆమె ఊరి చివర ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. మొదటిరోజు అక్కడ కూడా చెయ్యి అలవాటుగా చేటలోకి వెళ్లింది. తీశాక ఒక్క క్షణం ఆగింది సంతోషకుమారి. ఈ బియ్యం నావి కావే అనుకుంది. అయితేనేం, పిల్లల పేరున తీస్తున్నాను, దీవెన వాళ్లకే కదా అని వెంటనే సర్దుకుంది. అప్పట్నించి పొద్దున ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు, రోజుకో వరస పిల్లల పేర్లు తలుచుకుంటూ తీస్తోంది. ఆమెది చిన్న చెయ్యి కూడా కాదు.

హాస్టల్లో అరవైమంది పిల్లలు. వంటింట్లో ఇద్దరు, సంతోషకుమారి, ఆమె కింద లక్మే. లక్మే కొండ అవతలి గోండు పల్లె కోడలు. పాతికేళ్లుంటాయి. గిన్నెలు తోమడం, కూరలు తరగడం, గుండిగ దింపడం ఆమె పని. కాలనీ ఇళ్లల్లో కొన్నాళ్లు పనిచేసింది కాబట్టి తెలుగు వచ్చు. రానిచోట హిందీ వేస్తుంది, అదీ రానిచోట నవ్వుతుంది. సంతోషకుమారి పిడికెడు తీసే వేళకు లక్మే చేస్తున్న పని ఆపి, తల వంచి నిలబడేది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అది చూసినప్పుడల్లా సంతోషకుమారికి ముచ్చటేసేది. ఈ పిల్ల మనసు మెత్తబడుతోంది, ఏదో ఒక ఆదివారం గుడికి వస్తుంది అని లోలోపల అనుకునేది.

ఆ గురువారం పొద్దున కొండల మీంచి దిగిన మంచు పది గంటలైనా విడవలేదు. సంతోషకుమారి అన్నం మెతుకు నొక్కి చూసి, గుండిగ అంచుకు గోనెపట్టా చుట్టి, లక్మేతో కలిసి దింపింది. సిబ్బి అడ్డుపెట్టి గంజి వార్చారు. పప్పులో ఉప్పు చూసింది. ఉప్పు చూడటం అంటే ఆమె లెక్కలో ఒక కంచం నిండా తినడం. వంటమనిషి నీరసపడితే అరవైమందికి కష్టం గదా. ఆ తర్వాత పిల్లలను వరసగా కూర్చోబెట్టి, ఎవరికీ తక్కువ కాకుండా చెయ్యి అదుపు చేసుకుంటూ వడ్డించింది. వడ్డన కాగానే, రోజూలాగే, అంట్లు లక్మేకు వదిలి ఇంటికి బయలుదేరింది. సగం దారిలో కళ్లజోడు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగింది.

వంటింటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి లక్మే గుండిగను ఒళ్లో వాల్చుకుని కూర్చుని ఉంది. అడుగున పట్టిన మాడును గరిటెతో గోకి, గంజిలో కలిపి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగుతోంది. కంచం లేదు. పక్కన అన్నం కూడా లేదు.

అన్నమేదని అడిగితే, అయిపోయిందంది లక్మే.

"అయిపోవడమేటి? వార్డెను మేడమ్ అరవై ఇద్దరికి తూసి ఇత్తాది. పిల్లగుంటలు అరవై. నువ్వూ నేనూ. నీ వాటా ఏదీ?"

"దేవుడికి తీస్తావు కదా అక్కా," అంది లక్మే.

ఇవాళ గురువారం కదా అన్నంత మామూలుగా అంది. ఆమె పల్లెలో కొత్త వడ్లు వస్తే దేవుళ్లకూ, పోయిన పెద్దలకూ పెట్టకుండా ఎవరూ మెతుకు నోట్లో వేసుకోరు. దేవుడి వాటా ముందు పోతుంది, మిగిలింది మనుషులది. అది ఎవరి కంచంలోంచి పోయిందని అడగడం మర్యాద కాదు. ఇదంతా లక్మే మూడు భాషల్లో చెప్పింది.

ఎప్పట్నించి ఇలాగని అడిగింది సంతోషకుమారి. నువ్వు వచ్చిన దగ్గర్నించి అంది లక్మే. ఎదుటి మనిషి మొహం మారడం చూసి, తనే ఓదార్చబోయింది.

"రోజూ కాదక్కా. పిల్లలకు జ్వరాలొస్తే మిగులుతుంది."

సంతోషకుమారి కళ్లజోడు తీసుకోకుండానే ఇంటికి వెళ్లిపోయింది. ఆమెకు సిగ్గేసింది. ఎవరూ తిట్టకుండా, ఎవరూ చూడకుండా ఇంత సిగ్గు పడటం ఆమెకు అదే మొదటిసారి.

మర్నాడు ఇంటి దగ్గర నాలుగు రొట్టెలు, బెండకాయ వేపుడు చేసి లక్మే కోసం క్యారేజీలో పెట్టి తెచ్చింది. ఈ పూట నుంచి హాస్టలు బియ్యం ముట్టకూడదని గట్టిగా అనుకుంది. చేట ముందుకు రాగానే చెయ్యి బయలుదేరింది. దాన్ని వెనక్కి లాక్కుని చీర కొంగులో చుట్టుకుంది. ఎదురుగా లక్మే తల వంచి నిలబడే ఉంది. ఎంతసేపటికీ ప్రార్థన మాటలు వినపడకపోతే కళ్లెత్తి చూసింది. సంతోషకుమారి బియ్యం మొత్తం నీళ్లలో పోసేసింది.

తియ్యలేదేమని అడిగింది లక్మే. ఇక తియ్యనంది సంతోషకుమారి. అదేదో పెద్ద తప్పు కళ్లారా చూసినట్టు లక్మే మొహం ముడుచుకుంది. సంతోషకుమారి పప్పు డబ్బా కోసం అటు తిరిగి ఇటు తిరిగేలోగా, నీళ్లలోంచి ఒక పిడికెడు తడిబియ్యం తీసి కిటికీలో ఉన్న దేవుడి డబ్బాలో వేసేసింది. ఆ చేతిని చీరకు తుడుచుకుంటూ ఏమీ ఎరగనట్టు నిలబడింది.

ఆ సాయంత్రం పిల్లల్లో ఒకరికి ఒళ్లు వెచ్చబడింది. నేను చెప్పలేదా అన్నట్టు చూసింది లక్మే. చలికి వచ్చిన జ్వరమే, దేవుడికి ఈ బియ్యం వద్దు, ఇవి నువ్వు తినాల్సినవి అని సంతోషకుమారి నచ్చజెప్పబోయింది. లక్మే అంతా విని ఒకే మాట అడిగింది.

"వద్దంటే, రెండేళ్లు ఎందుకు తీసుకున్నాడు?"

ముప్పై ఏళ్లుగా గుడిలో ముందు వరసలో కూర్చున్న మనిషి గబగబా పొయ్యి ఆర్పింది. గిన్నెలు బోర్లించి ఇంటికొచ్చింది.

ఇంట్లో యేసుపాదం వేణ్ణీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రైలు పట్టాల వెంట సుత్తి, పానా పట్టుకుని రోజుకు ఇన్ని కిలోమీటర్లు నడిచి, వదులైన చోటల్లా బిగించుకుంటూ వచ్చే ఉద్యోగం ఆయనది. ఇంటికొచ్చాక నోరు పెద్దగా విప్పడు. విప్పితే మాత్రం ఆ సుత్తి ఇంకా చేతిలోనే ఉందనిపిస్తుంది. ఆమె జరిగిందంతా చెప్పింది. చెబుతూ రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి తనను తానే వెనకేసుకొచ్చింది. దేవుడికే కదా ఇచ్చాను, నేనేమైనా తిన్నానా అంది.

"దేవుడికి ముట్టిందో లేదో నాకు తెల్దు," అన్నాడు యేసుపాదం. "లక్మే కంచంలోంచి పోయింది. అది మాత్తరం తెలుత్తంది."

మంచం కింద సంచి ఉంది. శనివారం శనివారం హాస్టలు డబ్బా తెచ్చి అందులోనే పోసింది. ఇంటి బియ్యం, హాస్టలు బియ్యం ఏవి ఏవో ఇప్పుడు ఆ దేవుడే చెప్పాలి. ఆ మాటే మొగుడితో అంది.

"ఏరడం దేనికి? మొత్తం లక్మేకి ఇచ్చీ."

"ఎల్లుండి కోతపండగ. గుడికి చేతులూపుకుంటా ఎల్లమంటావా?"

"చేతులైనా నీవే కదా," అని ఆయన బకెట్లోంచి కాళ్లు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. ఈ మనిషితో పెట్టుకోవడం నాదే తప్పు అనుకుంటూ అటు తిరిగి పడుకుంది. కానీ ఆ మాట దిండు కింద రాయిలాగా ఒత్తుతూనే ఉంది.

శనివారం వార్డెను పూనం మేడమ్ గదికి వెళ్లి, వచ్చీరాని హిందీలో ఉన్నదంతా చెప్పింది. పనిలోంచి తీసేస్తే తీసేస్తుంది అనుకుంది. మేడమ్ చేతిలో పెన్ను బల్లమీద పెట్టి, ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు, ఈ సంగతి ఎవరికీ చెప్పకు అంది. మొదటిది తప్పకుండా పాటిస్తానంది సంతోషకుమారి. రెండో దాని గురించి ఏమీ అనలేదు. ఆ పూట చేట ముందు లక్మే కంటే తనే ముందు నిలబడి, ఇంటి నుంచి కొంగున కట్టి తెచ్చిన పిడికెడు బియ్యం విప్పి గుండిగలో పోసింది. లక్మే తల వంచింది. ఏ వైపు పోసినా ప్రార్థన ప్రార్థనే అనుకుందో ఏమో, ఆ రోజు డబ్బా జోలికి వెళ్లలేదు. ఆ మధ్యాహ్నం పిల్లలకు వడ్డించక ముందే సంతోషకుమారి ఆమె కంచం నింపి పక్కన మూతపెట్టింది.

ఆదివారం గుడి కొత్త పెళ్లింటిలాగా ఉంది. ప్రసంగ వేదిక ముందు బల్ల మీద గుమ్మడికాయలు, అరటిగెలలు, చెరకు గడలు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు. వాటి పక్కన వరసగా పిడికెడు బియ్యం సంచులు, పదకొండు. కళ్లాపి చల్లిన వాకిలి దాటి సంతోషకుమారి లోపలికొచ్చేసరికి అందరి చూపులూ ఆమె చేతుల మీదే పడ్డాయి. చేతుల్లో పాటల పుస్తకం, మడతపెట్టిన రెండు శాలువాలు తప్ప ఏమీ లేవు. సంచి ఆటోలో వస్తోందేమో అని గుసగుసలాడారు. గంజి పెట్టిన గోధుమరంగు చీర ఇంట్లో పెట్టెలోనే ఉండిపోయింది.

సంఘపెద్ద సునీల్‌కుమార్ రిటైరైన రైల్వే గార్డు. ఏ పనైనా టైముకు, కాగితం చూసి చేస్తాడు. సంచులు తెచ్చేవాళ్ల పేర్లు చదువుతూ ఆమె పేరు దగ్గర ఆగి, సంతోషకుమారమ్మగారి సంచి ఎక్కడని అడిగాడు. ఆమె లేచింది. కూర్చునే చెప్పొచ్చు, తర్వాతైనా చెప్పొచ్చు, ఈ ఏడు కుదరలేదని ఒక్క మాటతో సరిపెట్టుకోవచ్చు. అవన్నీ ఆమెకు ఆ లేచే క్షణంలోనే తోచాయి. కూర్చున్నవాళ్లలో రేపటి నుంచి తనను అధ్యక్షురాలని పిలవబోయినవాళ్లున్నారు, ఎప్పుడు జారిపడుతుందా అని చూస్తున్నవాళ్లూ ఉన్నారు.

"ఈ ఏడు నేను తేలేదండి. పోయిన రెండేళ్లు తెచ్చినవి కూడా నావి కావు. హాస్టల్లో నాతో పనిచేసే లక్మే అని ఉంది. అది దాని కూడు. దాని కడుపులోది తీసి దేవుడికిచ్చానని మీరందరూ నన్ను మెచ్చుకున్నారు. ఇయ్యి మీ శాలువాలు."

శాలువాలు తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. సునీల్‌కుమార్ కాగితంలో ఇలాంటిదానికి చోటు లేదు. వాటిని ఎత్తి ఏం చెయ్యాలో తోచక, గుమ్మడికాయ పక్కన పెట్టాడు. అయ్యగారు గొంతు సవరించుకుని పాటెత్తుకోమన్నారు.

ఆ తర్వాత జరిగింది అయ్యగారికి వేదిక మీంచి బాగా కనపడింది. పాట జరుగుతుండగా ఒకరి తర్వాత ఒకరు కానుకలు వెయ్యడానికి బల్ల దగ్గరికి వెళ్తున్నారు. గనుల కంపెనీ పెద్దలు దిగే గెస్ట్‌హౌసులో వంటచేసే గ్రేసీ వెళ్లింది. కానుక వేసి తిరిగొచ్చేటప్పుడు ఆమె పైట కింద ఏదో బరువున్నట్టు ఒక పక్కకు వంగి నడిచింది. ఆమె వెనకే క్యాంటీన్లో పనిచేసే ఇంకో ఆవిడ, పెద్దింట్లో వంటచేసే మరొకావిడ, ఆ వెనక ఇంకొకరు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. పాట మాత్రం ఎన్నడూ లేనంత గట్టిగా పాడారు.

కానుకలకు వేలం మొదలుపెట్టేముందు సునీల్‌కుమార్ సంచులు లెక్కపెట్టాడు. ఏడు. కాగితం చూశాడు, సంతోషకుమారి పేరు పోను పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు. అయ్యగారి వైపు చూశాడు.

"ఉన్నవాటికే వేలం పెట్టండి," అన్నారు అయ్యగారు. "ఈ ఏటి పంట బాగుంది."

శాలువా ఎవరికీ కప్పలేదు. అధ్యక్షురాలి ఎన్నిక వచ్చే నెలకు వాయిదా వేశారు. గుడి మెట్ల మీద ఒకరిద్దరు సంతోషకుమారిని చూసి మొహం తిప్పుకున్నారు. గ్రేసీ మాత్రం చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వెళ్లిపోయింది. సంతోషకుమారి తనకు ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. నెత్తి మీంచి ఏదో దించేసినట్టు తేలిగ్గా ఉంది.

మధ్యాహ్నం యేసుపాదం మోటారుసైకిలు ముందర సంచి, వెనక పెళ్లాం. కొండ చుట్టూ తిరిగి, ఎర్రనీళ్ల వాగు దాటి లక్మే పల్లెకు చేరేసరికి రెండు దాటింది. వెదురుతడికెల ప్రహరీ, అలికిన వాకిలి. లక్మే మామ పొజ్జా నులకతాడు పేనుతూ కూర్చుని ఉన్నాడు. అత్త జోగే వడ్లు తూర్పారపడుతోంది. లక్మే లోపల్నించి వచ్చి, వాళ్లను చూసి నోరు తెరిచింది, తర్వాత పరుగున వెళ్లి కాళ్లకు నీళ్లు తెచ్చింది.

సంచి వాకిట్లో దిగగానే పొజ్జా తాడు పేనడం ఆపేశాడు. ఆయనకు తెలుగు రాదు. గోండీలో ఏదో అడిగాడు. లక్మే మొహమాటపడుతూ తెలుగులో చెప్పింది.

"ఇది తీసుకుంటే మీ గుడికి రావాలా అని అడుగుతున్నాడు."

అడగాల్సిన ప్రశ్నే అనిపించింది సంతోషకుమారికి. మూడు రోజుల కిందటైతే ఆ ప్రశ్నకు ఆమె మొహంలోనే ఏదో జవాబు కనపడేది.

"రావక్కర్లేదని సెప్పు," అంది. "నువ్వు నన్నడిగావు చూడు, దేవుడు రెండేళ్లు ఎందుకు తీసుకున్నాడని. ఆయన తీసుకోలేదు లక్మే. నేను తీశాను. అడక్కుండా తీశాను. పాతవి తేలేను, అయిపోనాయి. ఈ ఏటివి ఇయ్యి. నీయి."

లక్మే ఆ మాటలు మామకు చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పాక సంచి దగ్గరికి వెళ్లింది. రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా పైకెత్తి బరువు చూసింది. కింద పెట్టి, మళ్లీ ఎత్తింది.

"ఇంత ఆకలి పడ్డానా నేను?" అంది. అని నవ్వింది.

సంతోషకుమారి నవ్వలేకపోయింది. యేసుపాదం వాగు వైపు చూస్తూ నిలబడ్డాడు.

వచ్చినవాళ్లను తినకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. సంచి మూతి విప్పి ఆ బియ్యమే పొయ్యి మీద పెట్టారు. బొబ్బర్ల కూర, చింతపండు చారు. చుట్టాలకూ పొజ్జాకూ చాప పరిచి మోదుగాకు విస్తళ్లు వేశారు. పొజ్జా నాలుగు మెతుకులు నేలమీద పెద్దల పేరున విడిచాడు. సంతోషకుమారి కళ్లు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. కళ్లు తెరిచేసరికి ఆకులో అన్నం పొగలు కక్కుతోంది. పొద్దున్నించి పచ్చి మంచినీళ్లు తప్ప ఆమె కడుపులో ఏమీ లేదు. ఎదురుగా లక్మే గరిటె పట్టుకుని, గోడకానుకుని నిలబడి ఉంది.

నువ్వు కూర్చోవేమని అడిగింది. తర్వాత తింటానంది లక్మే. తర్వాతంటే ఎప్పుడని అడిగింది. అందరిదీ అయ్యాక, కోడలు కదా అంది లక్మే, ఇందులో అడగడానికేముందన్నట్టు.

సంతోషకుమారి చేతులు ఒళ్లో పెట్టుకుంది. యేసుపాదం అప్పటికే ముద్ద కలిపాడు. పెళ్లాన్ని చూసి, ఆ ముద్ద ఆకులో పెట్టేసి, ఆయనా చేతులు వెనక్కి తీసుకున్నాడు. పొజ్జా మొహం గంటుపెట్టుకుని మా తిండి మీకు పనికిరాదా, మీ గుడివాళ్లు తినకూడదన్నారా అన్నాడు. లక్మే నేల చూస్తూ ఆ మాట తెలుగులో చెప్పింది.

"తింటాను. నువ్వు కూకుంటే తింటాను. నువ్వు తినకముందు నేను రెండేళ్లు తిన్నాను లక్మే, ఇంక నావల్ల కాదు."

ఆ మాట లక్మే మామకు చెప్పలేదు. చెప్పడం ఆమెకు చేతకాలేదు. కానీ పొజ్జా ఇద్దరి మొహాలూ చూశాడు. అన్నం మీద ఆవిరి తగ్గుతోంది. ముసలాయనకు ఆకలి కూడా వేస్తోంది. ఏదో గొణుక్కుంటూ చాప మీద పక్కకు జరిగాడు. ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.

లక్మే కదల్లేదు. చేతిలో గరిటె ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. తూర్పారపట్టడం ఆపి చూస్తున్న జోగే లేచి, చేతులు దులుపుకుని వచ్చి, కోడలి చేతిలోంచి గరిటె తీసుకుంది. ఇంకో విస్తరి వేసింది. లక్మే మామ పక్కన ముడుచుకుని కూర్చుంది. అత్త వడ్డిస్తుంటే చాలు చాలని రెండు చేతులూ అడ్డం పెట్టింది. జోగే ఆ చేతులు తోసేసి వడ్డించింది.

మొదట లక్మే తలెత్తకుండా తింది. కొంచెంసేపటికి చారు బాగుందంది. తన ఆకులోది అయిపోయాక అత్త వైపు చూసి, ఇంకొంచెం అన్నం పెట్టమంది.